ముందరికాళ్ళ బంధం

ఇంగ్లీషులో 'ఇంపెడిమెంట్' అనే మాటకు తెలుగు ఏమిటని ఏ నిఘంటువును అడిగినా ఒక వరుస అప్పజెబుతుంది: ఆటంకం, అడ్డంకి, అవరోధం, విఘ్నం, అంతరాయం, ప్రతిబంధకం. సరే, 'అబ్‌స్టకిల్' అంటే? మళ్ళీ అదే వరుస. 'హిండ్రన్స్', 'బారియర్', 'హర్డిల్' అన్నా ఆ ఆరుగురే వరసలు మార్చుకుని నిలబడతారు. ఇన్ని ఇంగ్లీషు మాటలకు ఇన్ని తెలుగు మాటలు ఉన్నాయి గనక లోటేమీ లేదని కొందరు తృప్తి పడవచ్చు. నా అభ్యంతరం అక్కడే. (అన్నట్టు, అభ్యంతరమూ ఈ కుటుంబంలోకి దత్తత వచ్చినదే. సంస్కృతంలో దానికి 'లోపలిది' అని అర్థం. తెలుగులోకి వచ్చాక ఎదురు చెప్పడం నేర్చుకుంది.) అన్ని మాటలూ అన్నిటికీ సరిపోతే, ఏ మాటా దేనికీ సరిపోనట్టే. అనువాదకుడు మూట విప్పి చేతికి తగిలినది తీసి పెడుతున్నాడన్నమాట.

ఇంపెడిమెంట్ పుట్టుక చూద్దాం. లాటిన్‌లో 'పెస్' అంటే పాదం. విభక్తి చేరితే 'పెదిస్'. దాని ముందు 'ఇన్' చేర్చి 'ఇంపెదిరె' అనే క్రియను చేసుకున్నారు రోమనులు. కాళ్ళను చిక్కులో పెట్టడం, కాళ్ళకు బంధం వేయడం అని దాని అసలు అర్థం. ఆ పెస్, మన పాదం ఒకే ఇంట పుట్టినవి. పారశీకంలో 'పాయ్' అయి, 'జామా'తో కలిసి పైజామాగా మన ఇళ్ళకు వచ్చినదీ ఆ ఇంటి బిడ్డే. నాలుగుకాళ్ళ జంతువులో ఒక కాలు నాలుగో వంతు కాబట్టి పాదం కాస్తా అరిగి 'పావు' అయింది. సంతలో పావుశేరు అడిగినవాళ్ళు పాదాన్నే అడిగారు. ఇంగ్లీషులో సంకెలకు ఉన్న 'ఫెటర్' అన్న పాతమాట కూడా 'ఫుట్'కు చుట్టమే.

ఇక 'అబ్‌స్టకిల్' సంగతి వేరు. 'అబ్' అంటే ఎదురుగా, 'స్తారె' అంటే నిలబడటం. మన 'స్థా' ధాతువుకు తోబుట్టువు. ఎదుట వచ్చి నిలిచినది అబ్‌స్టకిల్. 'హర్డిల్' ఇంకా సాదాసీదా మాట. పాత ఇంగ్లీషులో అది చువ్వలతో అల్లిన తడిక. గొర్రెల మందకు దొడ్డిగా పాతేవారు. పరుగుపందెంలో దూకవలసిన అడ్డుకు ఆ పేరు రావడం తరువాతి ముచ్చట. అంటే హర్డిల్‌కు తెలుగు మాట కోసం అమరకోశం దాకా పోనక్కరలేదు, పెరట్లోకి పోతే చాలు.

ఇప్పుడు తేడా తెలుస్తోంది కదా. దారిలో నది ఉంది: అది అబ్‌స్టకిల్. నెత్తిన మూట ఉంది: అది ఇంపెడిమెంట్. ఒకటి దారిది, ఇంకొకటి నడిచేవాడిది. నది ముందు ఆగిపోతాం. మూటతో ఆగం, నడుస్తాం, కానీ అడుగు చిన్నదవుతుంది. నదిని దాటితే అది వెనక్కు పోతుంది. మూట మనతోనే వస్తుంది. ఈ రెంటినీ 'ఆటంకం' అన్న ఒక్క గోనెసంచిలో కుక్కితే భాష తేలికవుతుందేమో గానీ ఆలోచన మాత్రం బరువెక్కుతుంది.

మూట అని ఊరికే అనలేదు. ఇంపెదిరె నుంచి వచ్చిన 'ఇంపెదిమెంతుమ్' ఏకవచనంలో అడ్డంకి. బహువచనంలో 'ఇంపెదిమెంతా' అంటే సైన్యం వెంట నడిచే సామాను: గుడారాలు, తిండిగింజలు, పనిముట్లు, వాటిని మోసే పశువులు. రోమన్ సైనికుడు తన సామానునే 'కాళ్ళబంధాలు' అని పిలిచాడు. ఆ పేరు పెట్టినవాడెవడో ఎండలో చాలా దూరం నడిచి ఉండాలి.

ఈ మాట బరువు తెలియాలంటే క్రీ.పూ. 57లో సాబిస్ నది ఒడ్డున జరిగిన యుద్ధాన్ని చూడాలి. గాల్ దేశపు ఉత్తర భాగంలో, నేటి బెల్జియం ప్రాంతంలో, నెర్వీలనే తెగ ఉండేది. వారి మీదికి ఎనిమిది లీజియన్లతో సీజర్ వస్తున్నాడు. రోమన్ దళాల నడక తీరును గమనించినవారు కొందరు రాత్రికి రాత్రి వెళ్ళి నెర్వీలకు ఉప్పందించారు: ఒక్కొక్క దళానికీ మధ్య బోలెడంత సామాను నడుస్తుంది, మొదటి దళం విడిదికి చేరగానే, మిగిలినవి ఇంకా దూరాన ఉండగానే దాని మీద పడితే దోచుకోవచ్చు, మిగిలినవారు ఎదురు నిలవలేరు అని. మంచి సలహా. కానీ శత్రువు దగ్గరపడ్డాడని సీజర్ అప్పటికే వరుస మార్చాడు. ఆరు దళాలను సామాను లేకుండా ముందు నడిపి, మొత్తం సామానును వాటి వెనుక పెట్టి, కొత్తగా చేర్చుకున్న రెండు దళాలను దానికి కాపలాగా ఉంచాడు. ఈ సంగతి తన గ్రంథంలో రాస్తూ ఆయన వాడిన మాటలు చూడండి. సామాను 'ఇంపెదిమెంతా'. సామాను లేని దళాలు 'ఎక్స్‌పెదితె'. అంటే బంధం విప్పినవి.

అడవిలో దాగిన నెర్వీలు సామాను బండ్లు కంటపడగానే దూకాలని ముందే సంకేతం పెట్టుకున్నారు. అలాగే దూకారు. విడిది తవ్వుకుంటున్న రోమనులకు శిరస్త్రాణాలు పెట్టుకునే వ్యవధి కూడా దొరకలేదు. కుడివైపున పన్నెండో దళం నలిగిపోతుంటే సీజర్ ఒక సైనికుడి డాలు లాక్కుని ముందు వరుసలోకి పోవలసి వచ్చింది. చివరికి పదో దళం తిరిగి రావడంతో, సామానుకు కాపలాగా వెనుక ఉన్న రెండు దళాలు కూడా అందుకోవడంతో యుద్ధం మలుపు తిరిగింది. ఆ రోజు సామాను రోమనులకు బంధమైన మాట నిజం. ఆ సామానును కాచినవారే చివరికి ఆదుకున్నారన్నదీ నిజమే.

అయితే ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అదే ఘట్టంలో నెర్వీలు అల్లిన కంచెల గురించి కూడా సీజర్ చెబుతాడు. లేతచెట్లను నరికి, వంచి, కొమ్మల మధ్య ముళ్ళపొదలను పెంచి, లోపలికి చూపు కూడా పోనంత దట్టమైన గోడలుగా చేశారట. తన సైన్యపు నడకను ఆ కంచెలు అడ్డుకున్నాయి అనేందుకు ఆయన వాడినది ఇంపెదిరె క్రియనే. అంటే సీజరు కాలానికే ఆ మాట కాలిని వదిలి దారిలోకి వచ్చేసింది. మాటలకు ఇది సహజం. పుట్టినచోటే కూర్చునే మాట ఏ భాషలోనూ లేదు. నేను వ్యుత్పత్తిని పట్టుకుని వేలాడమనడం లేదు. ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నదే నా ప్రశ్న.

వదలవలసిన చోటుకు ఉదాహరణ 'ఇంపీచ్'. లాటిన్‌లో 'పెదికా' అంటే కాలిసంకెల. దాని నుంచి 'ఇంపెదికారె', అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ఇంపీచ్ అయింది. మొదట్లో దానికి అడ్డుకోవడమనే అర్థం. పోలిక గల మరొక లాటిన్ మాట నీడ పడి, తరువాత 'నేరం మోపడం' అయింది. 1376లో ఇంగ్లండు పార్లమెంటు రాజుగారి కొలువులోని విలియం లాటిమర్ మీద ఆ అస్త్రం ప్రయోగించింది. మన దేశాన్ని ఏలిన వారన్ హేస్టింగ్స్ మీద 1788లో మొదలైన విచారణ 1795 దాకా నడిచి చివరకు నిర్దోషి అని తేల్చింది. ఏడేళ్ళు కాళ్ళకు బంధం పడింది కాబట్టి పాత అర్థమే నిజమైందని ఎవరైనా చమత్కరించవచ్చు, అది వేరే కథ. తెలుగులో దీనికి 'అభిశంసన' అని స్థిరపడింది. అందులో కాలూ లేదు, సంకెలా లేదు. ఉండనవసరమూ లేదు. ఇంగ్లీషువాడే మరచిపోయిన కాలిని మనం వెతికి పట్టుకుని తెలుగులో అతికించడం వెర్రి.

ఇంపెడిమెంట్ అలా కాదు. ఇంగ్లీషులో ఆ చిత్రం సగం చచ్చినా, తెలుగులో అది ప్రాణంతో ఉంది. "ముందరికాళ్ళకు బంధం వేయడం" అనే మాట మనకు ఉండగా ఇంకెక్కడో వెతుకుతామేం? మేతకు వదిలిన గాడిద, గుర్రం, చేలో పడే అలవాటున్న పశువు దూరం పోకుండా ముందుకాళ్ళు రెండింటినీ కలిపి తాడు వేస్తారు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కట్టుకొయ్యకు కట్టిన పశువు కదలదు. బంధం వేసిన పశువు కదులుతుంది, మేస్తుంది, కుప్పించి కుప్పించి పది బారల దూరం పోతుంది కూడా. పరుగెత్తలేదు, అంతే. లాటిన్ క్రియలో ఉన్న సూక్ష్మం ఉన్నదున్నట్టు ఇదే. ఆపడం కాదు, అడుగును కురచ చేయడం.

ఈ పలుకుబడికీ కాలదోషం పడుతోంది. పత్రికల్లో ఇప్పుడు దాన్ని 'ముందుగానే అడ్డుకోవడం' అన్న అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నారు. కోర్టులో ముందే కేసు వేసి ఎదుటివాడి ముందరికాళ్ళకు బంధం వేశాడు, అన్నట్టుగా. 'ముందరి' అనేది కాలికి విశేషణమని మరచి, కాలానికి తగిలించాం. పశువును చూడని కళ్ళకు మాట అలాగే కనిపిస్తుంది. తప్పని అనను. సీజరు కంచెకు జరిగినదే దీనికీ జరిగింది.

'బేడీలు' కథ ఇంకా తమాషా. హిందీలో బేడీ అంటే కాళ్ళకు వేసేది. చేతులకు వేసేదానికి హథ్‌కడీ అని వేరే మాట ఉంది. తెలుగులోకి వచ్చేసరికి బేడీలు కాళ్ళ నుంచి పైకి పాకి చేతులకు తగులుకున్నాయి. కాళ్ళకు సంకెళ్ళు మిగిలాయి.

ఇక గుదిబండ. నా దృష్టిలో ఇంపెడిమెంటుకు ఇంతకంటే దగ్గరి తెలుగు మాట లేదు. పొగరెక్కి పరుగెత్తే పశువు మెడ నుంచి ఒక మొద్దు వేలాడదీస్తారు. నడిస్తే ఊరుకుంటుంది, పరుగు తీస్తే ముందుకాళ్ళకు కొట్టుకుంటుంది. బక్కపశువుకు ఎవరూ గుదిబండ కట్టరు. ఇంగ్లీషు 'హ్యాండీక్యాప్' చరిత్రలోనూ ఇదే న్యాయం కనిపిస్తుంది. బిచ్చగాడు టోపీ చేతపట్టుకోవడం నుంచి ఆ మాట పుట్టిందని విరివిగా ప్రచారంలో ఉన్న కథ అబద్ధం. పదిహేడో శతాబ్దంలో వస్తువుల మారకంలో టోపీలో చేయి పెట్టి ఆడే ఒక ఆట పేరు అది. అక్కడి నుంచి గుర్రప్పందేలకు పోయింది. మేలైన గుర్రం మీద అదనపు బరువు వేసి పోటీని సమం చేసేవారు. బరువు పడేది బలమైనదాని మీద. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మాటను మనుషుల వైకల్యానికి అంటగట్టినప్పుడు ఆ సంగతి జారిపోయి, బలహీనత అనే అర్థం మిగిలింది.

బంధమూ బరువూ అనగానే వదిలించుకోవలసినవి అనే అనుకుంటాం. సైన్యాల చరిత్ర అలా చెప్పదు. రోమన్ సేనాని మారియస్ సామాను బండ్లు తగ్గించాలని సైనికుల సరంజామాను వాళ్ళ భుజాల మీదకే ఎక్కించాడనీ, అందుకే వాళ్ళకు 'మారియస్ కంచరగాడిదలు' అని పేరు వచ్చిందనీ ప్రాచీనులు రాశారు. బండి మీది బంధం వీపు మీదికి వచ్చింది, అంతకంటే ఏమీ కాలేదు. మన దక్షిణాదిలో 1791 మే నెలలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్ళి, టిప్పు సేనను అరికెర దగ్గర ఓడించి కూడా కోట మీద చేయి వేయలేకపోయాడు. ఎడ్లు చచ్చిపోయాయి, తిండిగింజలు అయిపోయాయి. కోటలు పగలగొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను తన చేతులతోనే ధ్వంసం చేయించి బెంగుళూరు దారి పట్టాడు. బంధం విప్పుకోవడమంటే అదీ! మరుసటి సంవత్సరం మళ్ళీ వచ్చినప్పుడు వెంట లంబాడీల ఎడ్లమందలు ధాన్యం పెరికలతో నడిచాయి. 1792లో టిప్పు సంధికి ఒప్పుకున్నాడు. ఆ సంధిలోనే కడప, గండికోట నిజాము చేతికి వెళ్ళాయి. సామాను లేనప్పుడు అందని విజయం సామానుతో అందింది. తెనుగు సీమ ఒకటి చేతులు మారడం వెనుక పెరికెడ్ల డెక్కల చప్పుడు ఉందన్నమాట.

ఆఫీసు ఉత్తరాల్లో 'ఎక్స్‌పెడైట్' చేయమని రాస్తుంటారు కదా, ఫైలు కాళ్ళకు బంధం విప్పమని దానికి అర్థం. 'ఎక్స్‌పెడిషన్' కూడా బంధాలు విప్పుకుని బయలుదేరడమే. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం మూడువందల యాభై మందికి పైగా కూలీల మీద సామాను మోయించుకుని ఆ పేరు పెట్టుకుంది. మాటకు నవ్వు వచ్చే సందర్భాలు ఇలాంటివే.

పారిభాషిక పదాల దగ్గరికి వస్తే నా ఫిర్యాదు కొంచెం గట్టిది. ఆలివర్ హెవిసైడ్ అని ఒక ఆంగ్లేయుడు ఉండేవాడు. చిన్నప్పటి జ్వరంతో వినికిడి తగ్గినవాడు, టెలిగ్రాఫు పని వదిలేసి ఇంట్లో కూర్చుని తనకు తానే గణితం నేర్చుకున్నవాడు. 1886లో ఆయన 'ఇంపీడెన్స్' అనే మాటను తయారుచేశాడు. దిశ మార్చుకుంటూ పారే విద్యుత్తును తీగచుట్టలూ ఇతర పరికరాలూ ఎంత మేరకు నెమ్మదింపజేస్తాయో తెలిపే కొలత అది. ప్రవాహాన్ని అది నిలిపివేయదు. పరిమాణాన్ని తగ్గిస్తుంది, వోల్టేజితో కలిసి నడవవలసిన ప్రవాహాన్ని ఒకడుగు వెనుకకో ముందుకో జరుపుతుంది. పౌనఃపున్యం మారితే దాని విలువా మారుతుంది. ముందరికాళ్ళకు బంధం పడిన పశువు నడక అచ్చంగా ఇలాగే ఉంటుంది, మాట ఎంచుకోవడంలో ఆయనకు ఎంత చూపు ఉందో చూడండి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి 'అవరోధం' అన్నారు. రుధ్ ధాతువు, చుట్టుముట్టి మూసివేయడమని భావం. సంస్కృతంలో అవరోధమంటే కోటముట్టడి అనీ, అంతఃపురమనీ కూడా అర్థాలున్నాయి. ప్రవాహాన్ని అంతఃపురంలో పెట్టి తలుపు వేయడం ఇంపీడెన్స్ పని కాదు. కనీసం 'ప్రతిబంధకం' అని ఉంటే అందులో బంధమైనా మిగిలేది. సంస్కృతం మీద నాకు పేచీ లేదు. సంస్కృతంలోనే సరైన మాట ఉండగా చేతికి దొరికినది పెట్టారన్నదే బాధ. కుర్రవాడు సూత్రం బట్టీ పడతాడు, లెక్కా చేస్తాడు. ప్రవాహం ఎందుకు ఆగలేదు అని మాత్రం వాడికి తట్టదు. మాట వాడికి ఏ బొమ్మా చూపలేదు మరి.

పాఠం సంగతి పోనీయండి, అది మార్కులతో తీరిపోతుంది. చట్టంలో అలా తీరదు. దివ్యాంగుల హక్కుల కోసం 1995లో వచ్చిన చట్టం, ఫలానా వైకల్యాలు నలభై శాతానికి తక్కువ కాకుండా ఉన్నట్టు వైద్యుడు ధ్రువీకరిస్తే ఆ మనిషి వికలాంగుడు అని చెప్పింది. లెక్కంతా శరీరానిదే. 2016 చట్టం ఆ శాతాన్ని కొన్ని ప్రయోజనాల కోసం ఉంచుతూనే, నిర్వచనంలో ఒక కొత్త మెలిక పెట్టింది. దీర్ఘకాలం ఉండే లోపం ఒకటి. దానికి ఎదురయ్యే 'బారియర్లు' మరొకటి. ఈ రెండూ కలిసినప్పుడు సమాజంలో ఇతరులతో సమానంగా పాల్గొనలేకపోవడం మూడోది. బారియర్ అంటే ఏమిటో కూడా విడిగా చెప్పింది. కట్టడాలే కాదు, ఆర్థిక, సామాజిక కారణాలూ, మనుషుల ధోరణులూ అందులో ఉన్నాయి. శరీరంలో ఉన్నదాన్నీ దారిలో ఉన్నదాన్నీ విడదీయడమే ఆ నిర్వచనానికి వెన్నెముక.

దీన్ని తెలుగు చేసేవారు రెండు చోట్లా 'అవరోధం' అనో 'ఆటంకం' అనో రాస్తే ఏమవుతుంది? చక్రాలకుర్చీలో వచ్చిన మనిషికి కార్యాలయం ముందున్న పన్నెండు మెట్లు, ఆయన కాళ్ళు, రెండూ ఒకే మాట కిందికి వస్తాయి. మెట్లను మార్చవలసిన బాధ్యత ఎవరిదో ఆ వాక్యం చెప్పలేదు. చట్టం ఇంగ్లీషులో మెట్ల వైపు వేలు చూపింది. తెలుగులో ఆ వేలు తిరిగి ఆయన కాళ్ళ మీదికే వస్తుంది. నత్తి ఉన్నవారి విషయమూ అంతే. ఇంగ్లీషులో దాన్ని 'స్పీచ్ ఇంపెడిమెంట్' అంటారు. నాలుకకు కాళ్ళబంధం పడినట్టు, మాట నడుస్తుంది, కురచ అడుగులతో. వినేవాడికి ఓపిక లేకపోవడం బారియర్. మొదటిది చికిత్సకు సంబంధించినది, రెండోది మర్యాదకు సంబంధించినది. తెలుగులో ఈ రెండింటికీ ఒకే మాట వాడే అనువాదకుడు, తెలియకుండానే వినేవాడి పక్షాన తీర్పు చెబుతున్నాడు.

ఇలా అంటే, "అయితే అధికార పత్రాల్లో గుదిబండ అని రాయమంటారా?" అని అడిగేవారు ఉంటారు. రాయకూడదు. మనిషి దేహంలోని లోపాన్ని గుదిబండ అనడం క్రూరత్వం. 'లోపం', 'అడ్డు' అని రెండు చిన్నమాటలు పెట్టి, చివరిదాకా ఒకదాని స్థానంలో మరొకటి రాకుండా కాపాడుకుంటే చాలు. కథలో, వ్యాసంలో అయితే గుదిబండను ధైర్యంగా దించవచ్చు. అమ్మలేక, బాగుచేయించలేక, వదిలి పోలేక వారసత్వపు ఇంటిని పట్టుకుని ఉన్న కుటుంబం గురించి ఇంగ్లీషు రచయిత ఇంపెడిమెంట్ అని రాస్తే, దాన్ని 'ఆటంకం' అనడం అనువాదం కాదు. ఆ ఇల్లు వాళ్ళ దారిలో లేదు, మెడలో ఉంది.

పశువుల బంధాలకు ప్రాంతానికో పేరు ఉంది. ముకుతాడు, పలుపు, పగ్గం వంటివి పుస్తకాలకు ఎక్కాయి. పాలు పితికేటప్పుడు తన్నే గేదె వెనుకకాళ్ళకు చుట్టే తాడుకూ, మేతకు వదిలిన గాడిద ముందుకాళ్ళకు వేసే తాడుకూ ఒకే పేరు ఉండి ఉండదని నా నమ్మకం. అనంతపురం వైపు గొర్రెల కాపరులు, ఆదిలాబాదు వైపు ఎడ్లు మేపేవారు, శ్రీకాకుళం రైతులు వీటిని ఏమంటారో ఆయా ఊళ్ళలో పెరిగిన మిత్రులు పెద్దవాళ్ళను అడిగి రాసి ఉంచితే బాగుంటుంది. తాడు ఏ నారతో పేనేవారో, ముడి ఎలా వేసేవారో కూడా అడగండి. ట్రాక్టర్లు వచ్చాక పుట్టినవాళ్ళు చెప్పలేరు.